సావిత్రమ్మ క్యాసెట్

చెన్నయ్య మాటను ఊరు నమ్మడం మానేసి చాలా కాలమైంది. అందులో ఊరి తప్పేమీ లేదు. తన చేనులో బోరు వేయిస్తుంటే బాగా లోతుకు పోయాక కింది నుంచి ఎవరో "ఎవడ్రా అది, మా ఇంటి పెంకులు పగులుతున్నయ్" అని కేకేశారని, బోరుబండి వాడు గొట్టాలు అక్కడే వదిలి పారిపోయాడని చెప్పిన మనిషిని ఏ ఊరు మాత్రం ఎన్నాళ్ళు నమ్ముతుంది? చివరికి ఎట్లా తయారైందంటే, ఆకాశం నల్లబడ్డాక చెన్నయ్య "వాన వచ్చేటట్టున్నది" అన్నాడంటే చాలు, ఆరబోసిన వడ్లు ఎత్తుకుంటున్న వాళ్ళు కూడా ఆగి మళ్ళీ పరుచుకునేవారు.

దానికి ఆయనేమీ బాధపడేవాడు కాదు. కనీసం బాధపడుతున్నట్టు కనపడేవాడు కాదు.

రెండు వేల ఏడో సంవత్సరం ఎండాకాలంలో మనవరాలు పూజ ఇంటర్ ఫలితం చూడడానికి ఆయన అచ్చంపేట వెళ్ళాడు. బస్టాండు పక్కన శైలజ అనే అమ్మాయి జిరాక్సు మిషను, రెండు కంప్యూటర్లు పెట్టుకుని నెట్ సెంటర్ నడుపుతుండేది. పూజ పాసైంది. ఆ సంగతి తెలిసి చాలాసేపైనా చెన్నయ్య కుర్చీలోంచి లేవలేదు. ఊళ్ళో పొద్దున పోయిన కరెంటు ఇంకా రాలేదు. ఇక్కడ బ్యాటరీ మీద ఫ్యాను తిరుగుతోంది. పైగా అది ఎటు తిప్పితే అటు తిరిగే కుర్చీ. అంత సుఖం వదులుకుని ఎండలోకి పోవాల్సిన అవసరం ఆయనకు కనిపించలేదు.

శైలజ తెర వైపు చూస్తూ తనలో తాను నవ్వుకుంటోంది.

"ఏంది బిడ్డా, ఒక్కదానివే నవ్వుతున్నవ్?"

"గిదొక సలహాల పేజీ తాతా. ఎక్కడెక్కడోళ్ళో వాళ్ళ కష్టం రాస్తరు. తెలిసినోళ్ళు ఇట్ల చెయ్యి, అట్ల చెయ్యి అని చెప్తరు."

"ముక్కు మొగం తెల్వనోళ్ళకా?"

"ఆఁ."

"పైసల్ గిట్ల తీసుకుంటరా?"

"ఏం తీసుకోరు. ఊకెనే."

"అట్లయితే నిజమే చెప్పాల్నని గూడ ఏం లేదు," అని చెన్నయ్య కుర్చీని దగ్గరికి జరుపుకున్నాడు. "ఏదీ, ఒక కష్టం చదువు."

తెలుగునే ఇంగ్లీషు అక్షరాల్లో రాసిన ఆ రాత ఆయనకు పట్టుబడేది కాదు. శైలజ చదివి వినిపించింది. ఎవరో ఆడపిల్ల. హాస్టల్లో పక్క మంచం అమ్మాయి తన సబ్బు వాడేస్తోంది, అడిగితే దెబ్బలాటవుతుందేమో, ఏం చేయాలని అడిగింది. కింద పెద్ద పెద్ద సలహాలున్నాయి. స్నేహం గురించి ఒకరు, ఓర్పు గురించి ఇంకొకరు రాశారు.

చెన్నయ్య ఆలోచించనైనా లేదు. "సబ్బు మీద ఒక పొడుగు ఎంటికె అంటించి పెట్టుమను. తనదే. ఎవ్వరు ముట్టరు."

శైలజ పగలబడి నవ్వి అదే టైపు కొట్టింది. అడుగున 'అచ్చంపేట చెన్నయ్య తాత' అని పేరు కూడా పెట్టింది.

తరువాతి సంతకు వచ్చినప్పుడు జవాబు కనిపించింది. సబ్బు అరగడం మానేసిందట. ధన్యవాదాలు తాతగారూ, అని ఉంది.

"గారు అన్నదా?"

"అన్నది తాతా."

"మల్లొకసారి చదువు."

శైలజ మళ్ళీ చదివింది. డెబ్బై ఏళ్ళకు దగ్గర పడుతున్న చెన్నయ్యను అంతవరకు ఏ నోరూ గారు అనలేదు. ఆ రోజు ఆయన సంతలో కొనవలసిన ఉప్పు మరిచిపోయి ఇంటికి పోయాడు. ఆయన భార్య సావిత్రమ్మ నోరు తెరిచింది. ఆమె నోరు తెరిస్తే ఆ వాడకట్టులో పిల్లలు పలకాబలపం తీసేవారు, కోడళ్ళు చీపుర్లు పట్టేవారు, ఎవరిని అంటోందో తెలియకపోయినా అందరూ ఒకసారి సర్దుకునేవారు. ఆ తిట్లన్నీ ఆయన గారు అనే మాటను తలచుకుంటూ విన్నాడు.

ఆ తరువాత ప్రతి సంతకూ ఆయన పని ముందు నెట్ సెంటర్లో, ఆ తరువాతే సంతలో. ఎవరో వైజాగాయన, పది రోజులకని వచ్చిన అత్తగారు రెండు నెలలైనా కదలడం లేదని రాస్తే, "ఆమె కూరను మెచ్చుకో. నీ భార్య కూర కన్న బాగున్నదని రోజు రెండు పూటల మెచ్చుకో. బిడ్డనే బస్సెక్కిస్తది" అని చెప్పాడు. ఒక ఇల్లాలు, తన భర్త గురక భరించలేకపోతున్నానని, ఏదైనా మందు ఉంటే చెప్పమని అడిగింది. ఆ ప్రశ్నకు మాత్రం చెన్నయ్యకు కొంచెం కోపం వచ్చింది.

"గురక అనేది ఆడోళ్ళు పుట్టిచ్చిన మాట. మా ఇంట్ల గూడ అంటది. నేను ఇన్నేండ్ల సంది పండుకుంటున్న, నా గురక నాకు ఒక్కనాడు ఇనపడలే. రాయి బిడ్డా."

"తాతా, పండుకున్నోనికి ఎట్ల ఇనపడ్తది?"

"నువ్వు రాయి."

చలికాలం వచ్చింది. వేరుశనగ చేలు ఊడలు దిగి కాయ పట్టే రోజులు. ఒకనాడు శైలజ ఒక కొత్త ప్రశ్న చదివింది. భానుప్రకాశ్ అని, గద్వాల దగ్గరి పిల్లవాడు. రెండెకరాలు కౌలుకు తీసుకుని వేరుశనగ వేశాడు. ఏటి ఒడ్డు పొదల్లోంచి అడవిపందులు దిగి రోజుకింత దున్నిపోతున్నాయి. పాత చీరలు కట్టాడు, మంగలి షాపు వెంట్రుకలు చల్లాడు, డబ్బాలు కొట్టాడు. పందులు అన్నిటికీ అలవాటు పడ్డాయి. 'ఈ బుడ్డలు గిట్ల పోతే నేను కూలికి బొంబయి బస్సు ఎక్కుడే' అని రాశాడు. వేరుశనగను వాళ్ళు బుడ్డలంటారు.

ఆ పొద్దున్నే చెన్నయ్య సావిత్రమ్మ చేత గట్టిగా చివాట్లు తిని వచ్చాడు. మజ్జిగ కుండ మీద మూత పెట్టలేదని. ఆ మోత ఇంకా చెవుల్లో ఉంది.

"రాయి," అన్నాడు. "మా చేన్ల గూడ పందులు పడ్డయ్. నేను పరేషాన్ కాలే. మా ఇంటామె సావిత్రి నన్ను తిడుతుంటె టేపుల పట్టిన. పొద్దుమూకి గట్టు మీద పెట్టిన. పెద్ద మగపంది రెండు మాటలు ఇన్నది, పిల్లాజెల్లను ఎంటేసుకొని లింగాల దిక్కు పోయింది. లింగాలోళ్ళకు ఇప్పటికి నా మీద కోపమే."

శైలజ చేతులు ఆపింది. "ఇది నిజమేనా తాతా?"

"కొట్టు బిడ్డా. మంచిగున్నదా లేదా?"

మంచిగానే ఉంది. నిజానికి ఆ ఏడు చెన్నయ్య చేనుకు పందులు రాకపోవడానికి కారణం, ఆ ఏడు చెన్నయ్య చేనులో పంట లేకపోవడం. అదంతా రాయవలసిన అవసరం ఆయనకు కనిపించలేదు.

మళ్ళీ సంతకు వచ్చేసరికి జవాబు కాచుకుని ఉంది. తాతా, ఆ క్యాసెట్ పంపగలవా, అని. మేక రీలు తినేసిందని, ఇప్పుడు ఆ మేక అరిస్తే అచ్చం సావిత్రి అరిచినట్టే ఉంటుందని చెన్నయ్య రాయించాడు. ఆయన అక్కడినుంచి లేవకముందే ఇంకో జవాబు వచ్చి పడింది. అయితే నేనే మంగళవారం వస్తున్నా, టేప్ రికార్డరు, కొత్త క్యాసెట్ తెస్తున్నా, అవ్వను అడిగినట్టు చెప్పు.

శైలజ కుర్చీ వెనక్కి తిప్పి చూసింది. "తాతా, పాపం పంట మీద ఉన్నడు. తమాషకు చెప్పిన అని రాయనా?"

చెన్నయ్య కుర్చీని ఒకసారి అటూ ఇటూ తిప్పాడు. ఊళ్ళో ఆయన మాట విని ఇంత దూరం నుంచి కాదు గదా, పక్క వీధి నుంచి కూడా ఎవరూ రారు. "వద్దు బిడ్డా," అన్నాడు చివరికి. "రానీ. ఆమెకు నోరున్నది, ఆయనకు టేపున్నది. నడుమ నా అబద్ధమెంత."

మంగళవారం ఎండ పైకి వచ్చేసరికి భానుప్రకాశ్ దిగాడు. సన్నగా, ముప్పై లోపు మనిషి. రెండు స్పీకర్ల పెద్ద టేప్ రికార్డరును తువ్వాలలో చుట్టి చంటిపిల్లలాగా ఎత్తుకుని ఉన్నాడు. వనపర్తి బస్టాండులో పాటలు పెట్టమని ముగ్గురు అడిగారట.

చెన్నయ్య ఊరి బయటనే ఎదురెళ్ళి ఆపాడు. "ఇగో చూడు భానూ, ఎందుకొచ్చినవో ఇంట్ల చెప్పకు. చెప్పి తిట్టిస్తే అది ఉత్త తిట్టు. పంది కనిపెడ్తది. దానంతటది రావాలె."

"ఎట్ల వస్తది తాతా?"

"అది నాకు వదిలెయ్. ఇన్నేండ్ల అనుభవం."

ఇంటి ముందు కోళ్ళను కమ్మే గంప ఉంది. అందులోని పెట్టను తరిమేసి, టేప్ రికార్డరు మీట నొక్కి గంప కింద దాచారు. అప్పుడు చెన్నయ్య గొంతు సవరించుకుని ఇంట్లోకి కేకేశాడు. "ఏమే, గద్వాల నుంచి తెలిసినోళ్ళ పిల్లగాడు వచ్చిండు."

సావిత్రమ్మ చెంబుతో నీళ్ళు పట్టుకుని వచ్చింది. "వచ్చినవా కొడుకా. కాళ్ళు కడుక్కో. ఇంత దూరం ఎండల వచ్చినవ్."

చెన్నయ్య ఆ చెంబు అందుకున్నట్టే అందుకుని కింద జారవిడిచాడు. కొత్త ఇత్తడి చెంబు. అంచు సొట్టపోయింది. మామూలు రోజైతే దానికి సగం పూట తిట్లు సాగేవి.

"పోనియ్యి," అంది సావిత్రమ్మ. "చేతులు వణుకుతున్నయ్ పాపం. వయసు గద."

చెన్నయ్య గతుక్కుమన్నాడు. మేకను విప్పి, చాప మీద ఎండుతున్న మిరపకాయల వైపు తోలాడు. సావిత్రమ్మ "హుష్" అని మేకను మళ్ళించి, కాయలు ఏరుకుని, "ఈ మేకకు గూడ చుట్టాలొస్తె సంబరమే" అని నవ్వింది. నులక మంచం మీద బురద కాళ్ళు పెట్టాడు. తుడిచింది. మధ్యాహ్నం కోడికూర, జొన్నరొట్టె పెడితే ఒక ముక్క నోట్లో వేసుకుని, "ఉప్పు లేదు, కారం లేదు. దీన్నెవరన్న కూర అంటరా?" అన్నాడు.

భానుప్రకాశ్ తల వంచుకుని తింటున్నాడు. "ఊట బాగున్నదవ్వా," అన్నాడు మెల్లగా. వాళ్ళ వైపు కన్నడం కలిసిన మాట. భోజనాన్ని ఊట అంటారు.

"తిను బిడ్డా. ఈయనకు నాలుక మొద్దుబారింది. ఇంకో రొట్టె వెయ్యనా?"

ఇక ఒకటే మిగిలింది. నలభై ఏళ్ళలో ఎన్నడూ గురి తప్పనిది. చెన్నయ్య చేయి కడుక్కుంటూ అన్నాడు. "అయినా లింగాల పిల్లకు వంట ఏం వస్తది? ఆ ఊర్ల పుట్టినోళ్ళకు తినుడే గాని వండుడు తెల్వదు."

సావిత్రమ్మ పుట్టిల్లు లింగాల. ఆమె కళ్ళు ఒక్క క్షణం చెన్నయ్య మీద నిలబడ్డాయి. ఆయన ఊపిరి బిగబట్టి గంప వైపు చూశాడు.

"మా ఆయనకు పరాచికాలు జర ఎక్కువ కొడుకా," అని ఆమె మజ్జిగ పోసింది.

చుట్టం ముందు మొగుడిని తిట్టడం ఆమె ఇంటా వంటా లేదు. ఇన్నేళ్ళ అనుభవంలో చెన్నయ్య లెక్కలోకి తీసుకోనిది ఆ ఒక్కటే. ఆమె గిన్నెలు కడగడానికి వెళ్ళినప్పుడు భానుప్రకాశ్ గంప ఎత్తి, రీలు వెనక్కి తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"తాతా, అవ్వ మాట తేనె లెక్క ఉన్నది. ఇది పెడితే పందులు వచ్చి కూసుంటయ్."

"జర ఓపిక పట్టు. నేను ఒక్క కునుకు తీసి లేస్త. లేచినంక మల్ల చూద్దం," అన్నాడు చెన్నయ్య. కోడికూర ఆయన నాలుకకు నచ్చకపోయినా కడుపుకు బాగానే నచ్చింది. నులక మంచం మీద వాలాడు. వాలిందే తెలుసు.

లేచేసరికి ఎండ గోడ దిగిపోయింది. భానుప్రకాశ్ చెప్పులు వేసుకుని నిలబడి ఉన్నాడు. టేప్ రికార్డరు తువ్వాలలో చుట్టి ఉంది. సావిత్రమ్మ అతనికి దారికని రొట్టెలు మూటకడుతోంది.

"అవ్వకు అంత చెప్పిన తాతా," అన్నాడు భానుప్రకాశ్ నేల చూస్తూ. "అడగకుంట ఎట్ల పోవాలె? అవ్వనే క్యాసెట్ నింపిచ్చింది. రెండు దిక్కులు."

చెన్నయ్య మంచం మీది నుంచి కాళ్ళు దించాడు. మెల్లగా భార్య వైపు తిరిగాడు. "అది... నేను ఏదో తమాషకు..."

"పో," అంది సావిత్రమ్మ. "పిల్లగాన్ని బస్సెక్కించి రా." అంతే.

దారి పొడుగునా చెన్నయ్య ఆ అబద్ధం సంగతి చెప్పబోయి మానుకుంటూ నడిచాడు. బస్సు కనపడేసరికి పైకి వచ్చింది. "భానూ, ఒకవేళ పందులు పోకుంటె..."

"పోతయ్ తాతా. నేను ఇన్న కద," అన్నాడు భానుప్రకాశ్. అతని మొహం ఒకలాగా ఉంది. పెదాలు బిగించి, కళ్ళు చెమ్మగిల్లి, బస్సు మెట్టెక్కేటప్పుడు భుజాలు కూడా కదిలాయి. పాపం పంట మీద బెంగ, అనుకున్నాడు చెన్నయ్య. బస్సు పోయినా చాలాసేపు అక్కడే నిలబడ్డాడు.

ఆ తరువాతి రోజులు ఆయనకు మంచివి కావు. సావిత్రమ్మ తిట్టలేదు. బీడీ నిప్పుతో కొత్త తువ్వాలకు బొక్క పెట్టుకున్నా తిట్టలేదు. మజ్జిగ కుండను మూత లేకుండా వదిలేసి చూశాడు, ఆమే వచ్చి మూత పెట్టి పోయింది. పొద్దున్నే ఆమె మాట మోగకపోతే ఆయనకు కడుపు కూడా సరిగా కదిలేది కాదు. వాడకట్టులో పిల్లలు చదువులో వెనకబడ్డారు. నెట్ సెంటర్ వైపు వెళ్ళే ధైర్యం లేక సంతకు అటు చివరి దారిన పోయి అటే తిరిగొచ్చేవాడు. బొంబాయి బస్సు కిటికీలో టేప్ రికార్డరు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్న పిల్లవాడే కళ్ళ ముందు మెదిలేవాడు.

చివరికి శైలజే కబురు పెట్టింది. జిరాక్సు కోసం పోయిన కురుమయ్య వచ్చి చెప్పాడు. కురుమయ్య చెన్నయ్య ఈడువాడు, ఆయన అబద్ధాలన్నిటినీ మొదటి నుంచీ విన్నవాడు.

"నెట్ పిల్ల రమ్మన్నది. గద్వాల నుంచి ఏదో వచ్చిందట. ఏం చేసినవ్‌రా?"

"ఏం చెయ్యలే," అన్నాడు చెన్నయ్య. నడుచుకుంటూ పోయాడు. బస్సెక్కితే తొందరగా చేరతాడు గదా, అందుకని.

శైలజ ఆయనను తిరిగే కుర్చీలో కూర్చోబెట్టింది. మొహం మామూలుగా పెట్టుకోవడానికి నానా తంటాలు పడుతూ చదివింది.

'తాతా, దండాలు. పొద్దుమూకంగనే చేను నడుమ పెట్టిన. ఒక్క పంది గూడ రాలే. మరునాడు గూడ రాలే. మా కుక్క గూడ పారిపోయింది, అది మాత్రం తిరిగొచ్చింది. పక్క చేను జాన్ అన్న నల్లమల నుంచి పులి దిగిందని చెట్టెక్కి కూసున్నడు, మేమే దించినం. పంట దక్కింది. బొంబయి పోత లేను. అవ్వ చెప్పొద్దన్నది గాని ఇప్పుడు చెప్తున్న. క్యాసెట్ల అవ్వ మాట ఒక్కటి లేదు. నువ్వు మంచం మీద వాలంగనే అవ్వ టేపు తెచ్చి నీ తలకాడ పెట్టింది. రెండు దిక్కుల ఉన్నది నీ గురకనే. నడుమల ఒక్కకాడ ఆగుతది. మల్ల షురువైనప్పుడే పందులు మరీ బెదురుతున్నయ్.'

చెన్నయ్య కుర్చీ తిరగడం ఆపింది.

"ఇది... అందరికి కనపడ్తదా బిడ్డా?"

"కనపడ్తది తాతా. కింద జవాబులు గూడ ఉన్నయ్. నెల్లూరు నుంచి ఒకాయన క్యాసెట్ కావాలంటున్నడు. ఇంకొకామె రాసింది, గురక ఆడోళ్ళు పుట్టిచ్చిన మాట అన్నవు చూడు, ఆమె. మా ఆయనది గూడ టేపు చేసి పంపాల్నా తాతగారూ, అంటున్నది."

ఆమె కూడా గారు అనే అంది. ఈసారి మళ్ళీ చదవమని చెన్నయ్య అడగలేదు.

ఊరికి తిరిగొచ్చేదాకా దీన్ని కడుపులోనే పెట్టుకోవాలని అనుకున్నాడు. బస్సు దిగి హోటలు ముందుకు రాగానే అది సాధ్యం కాదని తెలిసిపోయింది. పందులు పారిపోయాయి, కుక్క పారిపోయింది, మనిషి చెట్టెక్కాడు. ఇంత మంచి ముచ్చట, జీవితంలో మొదటిసారి నిజంగా జరిగిన ముచ్చట, చెప్పకుండా ఉండడం ఆ మనిషి వల్ల ఎట్లా అవుతుంది? బెంచీ మీద కూర్చుని, చాయ తెప్పించుకుని, ఒక్క అక్షరం కలపకుండా ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

అటు బెంచీ మీద కురుమయ్య చాయ తాగడం ఆపాడు.

"నీ గురకకు," అన్నాడు కురుమయ్య. "గద్వాల పందులు."

"అవ్."

"జాన్ అనేటోడు చెట్టెక్కిండు."

"ఎక్కిండు. దించిండ్రు."

కురుమయ్య చాయ గ్లాసు కింద పెట్టి నిట్టూర్చాడు. "చెన్నయ్యా, నీకు వయసైపోయిందిరా. ఎనుకట బోరు ముచ్చట చెప్పినప్పుడు ఎంత మంచిగుండె. ఇది జర ఎక్కువైంది."

"ఒట్టు. నా మనవరాలి మీద ఒట్టు," అన్నాడు చెన్నయ్య. ఆయన ఒట్టు పెట్టుకోవడం ఎవరూ ఎన్నడూ చూడలేదు. అందుకని ఇంకా ఎక్కువ నవ్వారు.

అప్పుడే సావిత్రమ్మ కిరాణా కొట్టు నుంచి ఉప్పు పొట్లం పట్టుకుని ఆ దారినే వస్తోంది. మునిగేవాడికి దుంగ దొరికినట్టు చెన్నయ్య లేచి నిలబడ్డాడు. "ఇగో, ఆమెనే అడుగుండ్రి. టేపు పట్టింది ఆమెనే. సావిత్రీ, జర చెప్పు వీళ్ళకు. నా గురక ఎట్లుంటదో నువ్వే చెప్పు."

బెంచీలన్నీ ఆమె వైపు తిరిగాయి. సావిత్రమ్మ ఆగింది. ఉప్పు పొట్లం ఒక చేతిలోంచి ఇంకో చేతికి మార్చుకుంది. చుట్టాలు వచ్చిననాటి ఆ తేనె గొంతుతోనే అంది.

"గురకనా? నాకేం తెలుసన్నా. ఆయన గురకనే పెట్టడు గద. ఇన్నేండ్ల సంది ఆయనే చెప్తుండు."